మిద్దె మీద నడిచిన హృదయం

"దేవుడు చూసేది హృదయాన్నే కదా!" లైంగిక పవిత్రత గురించి విశ్వాసులు మాట్లాడుకుంటుంటే ఈ మాట రాకుండా ఉండదు. పెళ్లికి ముందు కలిసి ఉండడం గురించైనా, విడాకుల తర్వాత మరో పెళ్లి గురించైనా, స్వలింగ సంబంధాల గురించైనా అంతే. ఒకరు ఆజ్ఞ చూపిస్తారు, ఇంకొకరు హృదయాన్ని చూపిస్తారు. వయసును బట్టి నేనూ రెండు పక్కలా నిలబడి వాదించినవాణ్నే.

ఆ మాట 1 సమూయేలు 16:7లోది. కొత్త రాజును అభిషేకించడానికి వెళ్లిన సమూయేలు ప్రవక్త, దావీదు అన్న ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి ఇతడే అనుకున్నప్పుడు, మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును అన్నాడు దేవుడు. ఆ రోజు అభిషేకం పొందినవాడు దావీదు. అంటే మనం ఆసరాగా పట్టుకునే ఈ వాక్యం ఎవరి ఎంపిక దగ్గర పుట్టిందో, ఆ మనిషే తర్వాత ఒక సాయంత్రం రాజనగరి మిద్దె మీద పచార్లు చేశాడు.

2 సమూయేలు 11ను ఈ మధ్య నిదానంగా చదివాను. స్నానం చేస్తున్న స్త్రీ కనబడింది. అక్కడిదాకా అది కంటబడడమే. తర్వాత ఆమె ఎవరో కనుక్కొమ్మని మనిషిని పంపాడు. ఏలీయాము కుమార్తె బత్షెబ, హిత్తీయుడైన ఊరియా భార్య అని జవాబొచ్చింది. ఊరియా ఎవరో దావీదుకు తెలియనిదా? 23వ అధ్యాయంలో లెక్కించిన దావీదు శూరులు 37 మందిలో చివరి పేరు అతనిదే. జవాబు విన్నాక ఆగవచ్చు. ఆగలేదు, మళ్లీ మనుషుల్ని పంపి ఆమెను పిలిపించాడు. చూపుకూ చేతకూ నడుమ ఎంత వ్యవధి ఉందో చూడండి: ఒకడు వెళ్లి కనుక్కుని వచ్చేటంత సేపు.

ఏదో క్షణంలో జారిపోయాను అనే మాట నాకు అందుకే అంతగా నమ్మబుద్ధి కాదు, నా నోటి నుంచి వచ్చినా సరే. గది తలుపు దగ్గరగా వేసి, ఫోను వెలుతురు తగ్గించుకుని, వెతకాల్సిన మాట ఒక్కో అక్షరం కొడుతున్నప్పుడు వేలు ఎన్నిసార్లు ఆగగలదో ఆ వేలికి తెలుసు.

మత్తయి 5:28లో యేసు "మోహపు చూపు" అన్నది ఈ రెండో చూపునే అని నేననుకుంటాను. గ్రీకులో అక్కడున్న క్రియ, పాత నిబంధన గ్రీకు అనువాదంలో పదో ఆజ్ఞలో "ఆశింపకూడదు" అన్నచోట వాడినదే. అదే క్రియ లూకా 22:15లో ప్రభువు నోట కూడా వస్తుంది, శిష్యులతో పస్కా భుజించాలని ఎంతో ఆశపడ్డానని చెప్పేటప్పుడు. కాబట్టి ఆశ పుట్టడమే పాపమని కాదు. ఇంకొకరి జీవితాన్ని నాదిగా చేసుకోవాలని లోపల చెయ్యి చాచడం దగ్గరే చిక్కు. ఇక ఆమె బట్టల మీద ప్రసంగాలు చేసేవాళ్లు తర్వాతి వచనం చదవాలి. యేసు పెరికి పారవేయమన్నది చూసినవాడి కన్ను.

ఇలా చదివితే హృదయం ఆజ్ఞ నుంచి తప్పించుకుని దాక్కునే చోటు కాదు. ఆజ్ఞ లోపలిదాకా వచ్చి తలుపు తట్టే చోటు అది. అటు ఆజ్ఞ పట్టుకున్నవాళ్లకూ ఇందులో ఊరట లేదు, పైకి ఏమీ చేయలేదన్న లెక్క ఇక్కడ చెల్లదు.

లోబడడం అనే మాట దగ్గర కూడా మన వాదన తరచుగా పక్కదారి పడుతుంది. "స్త్రీలారా, లోబడియుండుడి" అని ఎఫెసీ 5:22 కంఠస్థం వచ్చినవాళ్లకు, దాని పైనున్న "ఒకనికొకడు లోబడియుండుడి" గుర్తుండదు. కొన్ని అతి పాత గ్రీకు ప్రతుల్లో 22వ వచనానికి సొంత క్రియే లేదు, పై వచనం నుంచే తెచ్చుకోవాలి. 1 కొరింథీ 7:4 అయితే భార్య దేహం మీద భర్తకున్న అధికారమే భర్త దేహం మీద భార్యకూ ఉందంటుంది. ఆ కాలపు మగవాళ్లకు ఈ రెండో సగం మింగుడుపడి ఉంటుందా అని నాకు అనుమానం.

దావీదు దగ్గర లోబడవలసినవాడు రాజు. నాతాను ప్రవక్త వచ్చి, ధనికుడొకడు పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను కాజేసిన కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. బత్షెబ మీద అతను ఒక్క మాట కూడా మోపలేదు, కథలో ఆమె కాజేయబడిన పిల్ల. ఆ ప్రవక్తను రాజు చెరలో వేయించవచ్చు. "నేను పాపము చేసితిని" అన్నాడు.

ఆ తర్వాతి ప్రార్థన 51వ కీర్తన. "శుద్ధహృదయము కలుగజేయుము" అని మనం చదివేచోట హీబ్రూలో ఉన్న క్రియ ఆదికాండము మొదటి వచనంలో "సృజించెను" అన్నదే. హృదయాన్ని చూసి ఎన్నుకున్నవాడి దగ్గరికే వచ్చి, ఈ హృదయం బాగుచేస్తే సరిపోదు, లేనిదాన్ని పుట్టించినట్టు కొత్తగా చేయమని అడుగుతున్నాడు. నేను ప్రార్థనలో ఈ మాట దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా వేగం పెంచుతాను. ఈ వారం నుంచి అక్కడ ఆగి, పేరు పెట్టి చెప్పుకోవాల్సినవి చెప్పుకుంటున్నాను.

మోహపు చూపు గురించి రాసిన మత్తయి తన మొదటి అధ్యాయంలో యేసు వంశావళి రాస్తూ బత్షెబ పేరు ఎత్తడు. సొలొమోను తల్లి అని కూడా అనడు. ఊరియా భార్య అనే రాశాడు.