తెనాలిలో పుట్టాను, రిజిస్ట్రేషన్‌తో భారతీయుణ్ణయ్యాను

పుట్టింది తెనాలిలో. పదో తరగతి దాకా చదివిందీ అక్కడే. అయినా చట్టం లెక్కలో నేనిప్పుడు పుట్టుకతో పౌరుణ్ణి కాను, రిజిస్ట్రేషన్ ద్వారా పౌరుణ్ణి.

2009లో న్యూజెర్సీలో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. మన 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం అది తీసుకోగానే ఇక్కడిది దానంతటదే పోయింది. తర్వాత పాస్‌పోర్ట్ సరెండర్ చేయడం ఉత్త కాగితం పనే. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాక పెద్ద ఇబ్బందేమీ లేదు. ఓటు ఉండదు, పొలం కొనలేం, అంతే. “ఆ రెండింటికీ ఇంత తతంగమా?” అంది మా ఆవిడ. పోలింగ్ రోజు ఇంట్లో కూర్చోవాలంటే నాకు మాత్రం మనసొప్పలేదు.

పోయినది తిరిగిస్తారనుకున్నాను. అలా తిరిగిచ్చే దారి సెక్షన్ 8(2)లో ఉంది గానీ అది పిల్లలకు. తల్లిదండ్రులు పౌరసత్వం వదులుకోవడం వల్ల తమదీ పోయిన మైనర్లు, మేజరైన ఏడాదిలోపు డిక్లరేషన్ ఇస్తే మళ్ళీ పౌరులవుతారు. తల్లిదండ్రులది నాలాగా సెక్షన్ 9 కింద దానంతటదే పోతే పిల్లలకు ఆ దారీ లేదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నాకు మిగిలింది సెక్షన్ 5(1)(ఎఫ్). ఒకప్పటి పౌరుడు దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే ఉండి రిజిస్ట్రేషన్ అడగొచ్చు. అదీ కేంద్రం ఉత్తర్వు ఇస్తేనే.

ఆ 12 నెలల కోసం మేనకోడలి పెళ్లికి డల్లాస్ వెళ్లలేదు. ప్రత్యేక పరిస్థితులుంటే 30 రోజుల దాకా సడలింపు ఉంది. పెళ్లిభోజనం ప్రత్యేక పరిస్థితి అని హోంశాఖకు రాసే ధైర్యం లేకపోయింది.

ఆన్‌లైన్‌లో ఫారం నింపి, కాగితాలు కలెక్టరేట్‌లో ఇచ్చాను. ఎంక్వైరీకి వచ్చిన పోలీసాయన టీ తాగుతూ, “తెనాలిలో పుట్టానంటున్నారు, మళ్ళీ పౌరసత్వమేంటి సార్?” అన్నాడు. ఏం చెప్పను?

అసలు టెన్షన్ చివర్లో. దరఖాస్తు ఒప్పుకున్నామని ఇక్కణ్ణుంచి కబురొచ్చాక, అమెరికాది వదులుకుని రుజువు చూపించాలి. దానికి అప్పుడు ఫీజు 2,350 డాలర్లు. అది పోయి, ఇది ఇంకా రాక, ఏ దేశపు మనిషినీ కాని ఆ రోజుల్లో సరిగ్గా నిద్రపట్టలేదు.

సర్టిఫికెట్ మీదున్న తేదీ నుంచే నేను పౌరుణ్ణి. మధ్యలో పోయిన ఏళ్లు తిరిగి రావు. ఇంకో మెలిక కూడా ఉంది. పుట్టుకతో పౌరుడు ఎన్నేళ్లు బయటున్నా పౌరుడే. నేను చదువుకో ప్రభుత్వ కొలువుకో కాకుండా ఏకధాటిగా ఏడేళ్లు విదేశంలో ఉండి, ఏటా మన కాన్సులేట్‌లో నమోదు చేసుకోకపోతే, సెక్షన్ 10 కింద కేంద్రం దీన్ని తీసేయొచ్చు.

మొన్న ఓటు కోసం ఫారం 6 పట్టుకుని వెళ్లాను. అది కొత్త ఓటర్ల ఫారం. వరసలో నా ముందున్న కుర్రాడికి పద్దెనిమిదేళ్లు, నాకు యాభై ఎనిమిది.