నమ్మకం మానలేదు, చర్చి మానాను

యేసు ప్రభువును నమ్మడం నేను ఎప్పుడూ మానలేదు. చర్చికి వెళ్ళడం మాత్రం కొంతకాలం మానేశాను. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయని మా బంధువులు అప్పుడు అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. మన సంఘాల్లో ఇదే ప్రశ్నను మనసులో పెట్టుకుని, పైకి చెప్పలేక టెన్షన్ పడేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం నా సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. పక్క పట్నంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా తాతల కాలంలోనే మా పేటంతా క్రైస్తవంలోకి వచ్చింది. మాకు చర్చి అంటే ఆదివారం వెళ్ళొచ్చే చోటు మాత్రమే కాదు. మా పేటలో మొదటి బడి చర్చి వరండాలోనే నడిచింది. ఊళ్ళో మా వాళ్ళను ఒరే, ఏరా అని పిలిచే రోజుల్లో మా నాన్న పేరు చివర ‘గారు’ చేర్చి పిలిచిన మొదటి మనిషి పాస్టరు అయ్యగారు. ఇది మర్చిపోయి చర్చిని తిట్టే హక్కు నాకు లేదు.

అయినా మనసు విరిగింది. ఆరాధన అయ్యాక మైకులో కానుకలు చదివేవారు. ఫలానా వారి కుటుంబం, కృతజ్ఞతార్పణ, ఐదు వేలు అనగానే అందరూ చప్పట్లు కొట్టేవారు. వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ కొంగు ముడి విప్పి వేసిన పది రూపాయలకు ఏ చప్పుడూ లేదు. పేద విధవరాలు వేసిన రెండు కాసులే అందరి కానుకలకంటే ఎక్కువని యేసు అన్న మాట మీద ప్రసంగం చెప్పిన రోజు కూడా ఆ జాబితా చదివారు. తర్వాత కమిటీ ఎన్నికలు వచ్చాయి. రెండు ప్యానెళ్ళు, కోర్టు కేసు, గేటు దగ్గర పోలీసులు. లోపల బల్ల ఆరాధన, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఇక మా ఊళ్ళో మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఉన్నాయి. రెండు చోట్లా ఒకే రొట్టె విరుస్తారు, కానీ ఒకరి బల్లకు మరొకరు వెళ్ళరు. ఇది ఎవరికీ ప్రశ్నగా కూడా తోచదు.

వీటన్నిటినీ ఓర్చుకున్నాను. నాన్న పోయిన రోజు ఓర్చుకోలేకపోయాను. ఇంకా శవపెట్టె కూడా రాలేదు. సంఘ పెద్ద ఒకాయన చందా పుస్తకం పట్టుకుని వచ్చి మా అన్నయ్యను పక్కకు పిలిచాడు. “బాకీ ఉంది బాబూ, అది కట్టేస్తే సమాధుల తోటలో చోటు చూపిస్తాం” అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. నీలం అట్ట, మూలలు నలిగిన పుస్తకం. నాన్న పేరున్న వరుసలో చివరి గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అవి ఆయన మంచం పట్టిన నెలలు. అన్నయ్య అక్కడే నిలబడి డబ్బు కట్టాడు, పెద్దాయన రసీదు రాసిచ్చాడు. ఆ తర్వాత ప్రార్థన చేశారు. ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు.

అప్పటి నుంచి వెళ్ళడం మానేశాను. ఆదివారం డ్యూటీ వేయమని హాస్పిటల్లో నేనే అడిగేదాన్ని. ఇంట్లో అమ్మ బాధ చూడలేకపోయేదాన్ని. “ఏమే, పెద్దల మీద కోపం దేవుడి మీద చూపిస్తావా” అనేది. కోపం దేవుడి మీద కాదమ్మా అంటే ఆమెకు అర్థమయ్యేది కాదు, ఎందుకంటే అమ్మకు దేవుడూ ఆ మందిరమూ వేరు కాదు. డ్యూటీ దిగాక రాత్రి పడుకునే ముందు బైబిలు చదవడం, ప్రార్థన చేసుకోవడం మానలేదు. నిజానికి ఆ రోజుల్లో చేసినంత ప్రార్థన ముందెప్పుడూ చేయలేదు.

కొన్నాళ్ళకు అయ్యగారు ఇంటికి వచ్చారు. మంచి మనిషి, నొప్పించాలని రాలేదు. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 25వ వచనం తీసి, సమాజముగా కూడుట మానవద్దన్న మాట చదివి వినిపించారు. ఆ వచనం నాకు సండే స్కూల్ నుంచే కంఠస్థం. ఆయన వెళ్ళాక మొత్తం పత్రిక మొదటి నుంచి చదివాను. హింసలు పడుతూ, విశ్వాసం విడిచి వెనక్కి పోదామా అని ఊగిసలాడుతున్న వాళ్ళకు రాసిన మాటలవి. ముందున్న 24వ వచనంతో కలిపి చదివితే ఎందుకు కూడాలో కూడా తెలుస్తుంది: ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోవాలని. చావు ఇంట్లో పుస్తకం తెరిచే కూడిక ఆ పని చేస్తోందా అని నాకు అనిపించింది. అదే వచనం నన్నూ అడిగింది: ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటే నువ్వు ఎవరిని పురికొల్పుతున్నావని. దానికి నా దగ్గర జవాబు లేదు.

చదివేకొద్దీ ధైర్యం వచ్చింది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టల పేదవాడికి నిలబడే చోటు ఇవ్వడాన్ని యాకోబు తన పత్రికలో గట్టిగా తప్పుబట్టాడు. కొరింథులో ప్రభువు బల్ల దగ్గరే ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుగా ఉన్నాడని పౌలు మందలించాడు. అంటే నాకు కలిగిన బాధ కొత్తది కాదు, మొదటి శతాబ్దం నాటిదే. అయితే పౌలు వాళ్ళను కూడుకోవద్దని అనలేదు, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకోమన్నాడు. రోమా పత్రిక చివర్లో ప్రిస్కిల్ల, అకులల ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెప్పాడు. గోపురమూ గంటా లేని ఇంటిని కూడా సంఘమనే పిలిచాడు.

తెలుగు వాళ్ళలో ఇలా ఆలోచించినవాళ్ళ గురించి కూడా తెలుసుకున్నాను. నెల్లూరులో పుట్టి పుదుక్కోట్టై సంస్థానంలో జడ్జిగా చేసిన పి. చెంచయ్య, క్రీస్తు తెచ్చింది కొత్త సృష్టి అని, మిషనరీలు కట్టిన సంస్థను దానితో సమానం చేయొద్దని 1938లో మద్రాసు మిత్రులతో కలిసి వాదించారు. అదే ఏడాది ముంగమూరి దేవదాసు గారు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి బైబిలు మిషను స్థాపించారు. హెడ్మాస్టరుగా చేసిన కలగర సుబ్బారావు గారు 1942లో క్రీస్తు దర్శనం పొందానని చెప్పారు. బాప్తిస్మం తీసుకోకుండా, ఏ సంఘంలోనూ చేరకుండా రోగుల కోసం ప్రార్థనలు చేశారు. బాప్తిస్మం విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. కానీ వీళ్ళెవరూ విశ్వాసం లేక బయట నిలబడలేదు. విశ్వాసం ఉండబట్టే నిలబడ్డారు. ఇంకొకటి కూడా గమనించాను. దేవదాసు గారు బయటికి వచ్చారు గానీ, ఇవాళ జనవరి చివర్లో గుంటూరు దగ్గర బైబిలు మిషను పండుగలకు వచ్చే జనాన్ని చూడండి. సిక్కు కుటుంబంలో పుట్టి, ఏ మిషనుకూ చెందకుండా పనిచేసిన భక్తసింగ్ గారు హైదరాబాదులో హెబ్రోను అనే ప్రార్థనా కేంద్రం చుట్టూ ఎంత పెద్ద కూటమిని పెంచారో చూడండి. బయటికి వచ్చినవాళ్ళకు కూడా మళ్ళీ కూడుకోక తప్పలేదు.

మా కూడిక కూడా అలాగే మొదలైంది, ఎవరూ అనుకోకుండా. హాస్పిటల్లో పనిచేసే ఒక ఆయా, “సిస్టర్, నైట్ దిగాక మా ఇంటికి రండి, ప్రార్థన చేసుకుందాం” అంది. ఒకే గది, పక్కన గ్యాస్ పొయ్యి. ఒక అధ్యాయం చదివేవాళ్ళం, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళం. టీ తాగి, ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఎవరి మొగుడు తాగొచ్చి కొట్టాడో మాట్లాడుకుని లేచేవాళ్ళం. అక్కడికి వచ్చే ఒకామె ఏ చర్చి రిజిస్టరులోనూ పేరు రాయించదు. కూతురి చదువు కోసం భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి తెరిచారు, మనకు ఇంకా తెరవలేదు. ఆంధ్రాలో మతం మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. చర్చిలో కనబడని ప్రతి మనిషినీ విశ్వాసం చల్లారినవాడని అనేవాళ్ళు ఆ తల్లి పరిస్థితి ఒకసారి ఆలోచించాలి.

ఆ గదిలో నాకు ఊపిరి ఆడింది. ఇక ఇదే చాలనుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అన్ని చర్చిలూ మూతపడ్డాయి. ఈస్టర్ కూడా ఇళ్ళలోనే చేసుకున్నాం. అమ్మ యూట్యూబ్‌లో ఆరాధన పెట్టించుకుని, ఫోను ముందు కొంగు కప్పుకుని కూర్చునేది. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో ఆ ఆయా భర్త కోవిడ్‌తో పోయాడు. బంధువులు వీధి చివరే ఆగిపోయారు. మా గదిలో కూడుకునే ఆడవాళ్ళం ఏడ్చాం, ప్రార్థన చేశాం. గొయ్యి తవ్వడానికి, మోయడానికి మా వల్ల కాలేదు. అప్పుడు పీపీఈ కిట్లు వేసుకుని వచ్చింది ఎవరో కాదు, నేను మానేసిన చర్చి యవ్వనస్తులే. ఆమె ఆ సంఘం మనిషి కూడా కాదు. తోటలో చోటు కోసం పెద్దలతో వాళ్ళే మాట్లాడారు, చందా ఊసు ఎత్తలేదు. ఆఖరి ప్రార్థన చేసినవాడు మా నాన్న దగ్గర సండే స్కూల్లో చదువుకున్న కుర్రాడు. దూరంగా నిలబడి చూస్తున్న నాకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చందా పుస్తకమూ ఆ చర్చిదే, ఈ పిల్లలూ ఆ చర్చి పిల్లలే.

నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది మా అబ్బాయి. ఒక సాయంత్రం అమ్మ చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరుతూ కీర్తన పాడుతోంది. ఆమెకు చదువు రాదు. పల్లవి నుంచి చివరి చరణం దాకా, ఒక్క మాట తడబడకుండా పాడుతుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎన్నో ఆమెకు నోటికి వచ్చు. “అమ్మమ్మా, ఇది ఏ సినిమాలోది” అని మావాడు అడిగాడు. అమ్మ నా వైపు చూసింది, ఏమీ అనలేదు. అమ్మకు ఆ పాటలు పుస్తకంలోంచి రాలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం పదిమంది మధ్య కూర్చుని, పక్కవాళ్ళ నోటి వెంట నోరు కలిపి నేర్చుకుంది. నాకు వచ్చినవి కూడా అలా వచ్చినవే. నేను ఒంటరిగా నిలబడగలిగానంటే, ఆ బలం నాకు ఇచ్చింది ఆ కూడికే. మావాడికి ఏమి ఇస్తున్నాను? నా ఫిర్యాదులు వాడికి బాగా తెలుసు, కీర్తనలు మాత్రం తెలియవు.

ఇప్పుడు బల్ల ఆదివారాలు వెళుతున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు వెళతాను. చిన్న గాజు గ్లాసులో ద్రాక్షరసం, పళ్ళెంలో సన్నగా కోసిన రొట్టె ముక్క. అవి యూట్యూబ్‌లో దొరకవు, నాకు నేనుగా ఇంట్లో తీసుకోలేను, మరొకరి చేతి నుంచి అందుకోవాల్సిందే. మిగతా ఆదివారాలు డ్యూటీ లేకపోతే ఆయా గదిలో ఉంటాను. కానుక పేరు లేకుండా వేస్తాను. కమిటీకి నిలబడమంటే వద్దన్నాను.

సర్వసభ్య సమావేశంలో మాత్రం లేచి మాట్లాడాను. చావు ఇంటికి చందా పుస్తకం తీసుకెళ్ళకూడదని అడిగాను. గొడవ అయ్యింది. “చందాలు లేకపోతే చర్చికి కరెంటు బిల్లు ఎవరు కడతారమ్మా” అని ఆ పెద్దాయనే అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే, దానికి వేరే రోజు, వేరే చోటు ఉన్నాయన్నాను. గొయ్యి తవ్విన కుర్రాళ్ళు నా పక్షాన నిలబడ్డారు. చివరికి తీర్మానం రాశారు. మైకులో కానుకలు చదవడం మాత్రం ఆగలేదు. రెండు పల్లెలు ఒకే బల్లకు కూర్చోవాలన్న మాటైతే చర్చకే రానివ్వలేదు. మళ్ళీ అడుగుతాను.

వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగేవాళ్ళకు ఒకే జవాబు చెప్పలేకపోతున్నాను. చర్చిలో ఒంటి మీద చెయ్యి వేసినవాడి దగ్గరికో, భర్త కొడుతున్నాడంటే సర్దుకుపొమ్మని పంపేసిన చోటికో తిరిగి వెళ్ళమని ఏ ఆడమనిషికీ చెప్పను. బయటికి వచ్చేయమ్మా అంటాను. నాలా మనసు విరిగినవాళ్ళను మాత్రం, కనీసం ఇద్దరు ముగ్గురిని వెతుక్కోమంటాను.

వచ్చే జూన్ నుంచి కన్ఫర్మేషన్ క్లాసులు, అంటే పిల్లలను బల్లకు సిద్ధం చేసే పాఠాలు, మొదలవుతాయి. మా ఆయన ఇంకో ఏడాది ఆగుదామంటున్నారు. మావాడు మాత్రం ఈ ఏడాదే వెళతానంటున్నాడు.