అమ్మ లూపస్ మాత్ర

మా అమ్మకి లూపస్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. చాలా ఏళ్లుగా రాత్రి అన్నం తిన్నాక హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటుంది. అది పడుతున్నన్నాళ్లూ పూలు కడుతుంది, డాబా ఎక్కి వడియాలు పెడుతుంది. గుంటూరు కొత్తపేటలో ఏ మందుల షాపులో అడిగినా ఆ మాత్ర దొరికేది. 2020 మార్చి దాకా.

మార్చి చివర్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఈ మందు పేరు చెప్పింది. కరోనా రోగుల్ని చూసే వైద్య సిబ్బందికీ, పాజిటివ్ వచ్చినవాళ్ల ఇంట్లోవాళ్లకీ ముందుజాగ్రత్తగా వాడమంది. వాట్సాప్‌లోకి వచ్చేసరికి షరతులు పోయి మాత్ర పేరే మిగిలింది. లాక్‌డౌన్ మొదలైన 25నే ఎగుమతి ఆపారు. మర్నాడు షెడ్యూల్ హెచ్1 కిందికి తెచ్చారు: డాక్టర్ చీటీ చూసే అమ్మాలి, డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టర్లో రాయాలి. మంచి నిబంధనే. అప్పటికే అరలు ఖాళీ అయిపోయాయి.

పొద్దున సడలింపు ఉన్న కాసేపట్లో అమ్మ చీటీలన్నీ కవర్లో పెట్టుకుని బ్రాడీపేట నుంచి కొత్తపేట దాకా తిరిగేదాన్ని. "మీ అమ్మగారికి ఎప్పట్నుంచో వాడకం ఉందని నాకు తెలీదా అమ్మా? ఉంటే ఇవ్వనా?" అన్నారు మేం ఎప్పుడూ కొనే షాపాయన.

ఈ మందు ఒంట్లో వారాల తరబడి ఉంటుందనీ, ఆపిన వెంటనే తేడా తెలియదనీ డాక్టర్‌గారు ఫోన్లో చెప్పారు. ఎండలు ముదిరాక తెలిసింది. అమ్మ వేళ్ల కణుపులు వాచి, జాకెట్టు హుక్కులు నేనే పెట్టాల్సి వచ్చింది. బుగ్గల మీద ఎర్రటి మచ్చలు మళ్లీ తేలాయి. స్టెరాయిడ్ మోతాదు పెంచారు, దాంతో షుగర్ పెరిగింది.

కింది వాటా పిన్నిగారు బీరువాలో దాచుకున్న షీటు తెచ్చిచ్చారు. "ఇది మీ అమ్మ మందని తెలీక కొన్నానమ్మా" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, టెన్షన్‌లో ఉన్న మనిషి చేతికందింది కొనుక్కుంటుంది. లూపస్ వాళ్లూ, కీళ్లవాతం వాళ్లూ ఈ మందు మీదే నడుస్తున్నారని తెలిసి కూడా వాళ్ల వాటా ఎవరూ పక్కన పెట్టలేదు. నా కోపం అక్కడ.

ఆస్పత్రుల్లో చేరిన కరోనా రోగులకు దీనివల్ల ఉపయోగం లేదని జూన్‌లో బ్రిటన్‌లో 'రికవరీ' అనే పేరుతో జరిగిన మందుల పరీక్ష తేల్చింది. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో కరోనాకి ఇచ్చే రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం, బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లకి ఆంఫోటెరిసిన్ కోసం జనం అలాగే పరుగులు తీశారు.

ఇలాంటి కరువు మళ్లీ వస్తే, మందు పేరు టీవీలో చెప్పకముందే ఒక ఉత్తర్వు రావాలి: పాత చీటీలున్న రోగులకి నెలకు సరిపడా తీసిపెట్టాకే మిగతాది అమ్మాలని. హెచ్1 రిజిస్టర్ ఎలాగూ ఉంది. 'ఎప్పట్నుంచి వాడుతున్నారు' అనే గడి ఒకటి అందులో చేరిస్తే, ఎవరికి తీసిపెట్టాలో షాపువాళ్లకి తెలుస్తుంది.