రోజూ ఉదయం తిరిగొచ్చిన పద్దు

అంబాజీపేటలో మా మేనమామ గారి కొబ్బరి కొట్టులో ఉన్న కంప్యూటరులో "పద్దు" అనే పాత ఎక్సెల్ ఫైలు ఒకటి ఎన్నిసార్లు తొలగించినా మరునాటి ఉదయానికి అదే ఫోల్డరులో మళ్లీ కనిపించేది. అది వట్టి చికాకే అయితే నేను అమలాపురంలో పని మానుకొని వెళ్లేవాడిని కాను. కొత్త లెక్కల ఫైలు పేరు కూడా "పద్దు"యే. పాతది ఎక్స్‌ఎల్‌ఎస్, కొత్తది ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని చెప్పే చివరి అక్షరాలను విండోస్ మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి, గుమాస్తా గారు మూడు రోజుల దింపు కాయల లెక్కనూ, వెయ్యి కాయల ధరలతో సహా, పాత ఫైలులోనే ఎక్కించారు. "ఇది పోయే రకం కాదురా అబ్బాయ్, దీనికేదో పట్టింది" అన్నారు మామయ్య.

మొదటి పూట నేను చేసినదంతా బలప్రయోగమే. షిఫ్ట్ నొక్కి డిలీట్ చేశాను, డిస్కులో దోషమేమోనని చెక్‌డిస్క్ నడిపాను, వైరస్ అనుమానంతో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేయించాను. ఏదీ దొరకలేదు. విండోస్ తనకు తప్పనిసరైనవి మాత్రమే నడిపే సేఫ్ మోడ్‌లో తొలగించి, ఆ మోడ్‌లోనే రెండుసార్లు రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఫైలు రాలేదు. మామూలుగా లాగిన్ అయిన కొద్ది నిమిషాలకు వచ్చేసింది. ఫైలు ప్రతిసారీ నిజంగానే పోతోందనీ, ఎవరో దాన్ని తిరిగి తెచ్చి పెడుతున్నారనీ అప్పుడు గాని నాకు తట్టలేదు. అంతవరకు నేను వేసుకున్న ప్రశ్నే తప్పు. దీన్ని ఇంకా గట్టిగా ఎలా తొలగించాలని కాదు, దీన్ని ఎవరు రాస్తున్నారని అడగవలసింది.

ఆ ప్రశ్నకు సగం జవాబు ఫైలు ప్రాపర్టీస్‌లోనే ఉంది. మోడిఫైడ్ అన్నచోట అంతకు ముందు శనివారం తేదీ ఉంటే, క్రియేటెడ్ అన్నచోట ఆ రోజు ఉదయం 9:07 అని ఉంది. పుట్టకముందే మార్పులు జరిగిన ఫైలు ఎక్కడా ఉండదు గదా. విండోస్‌లో ఒక ఫైలును వేరే చోటికి కాపీ చేస్తే సాధారణంగా మోడిఫైడ్ సమయం పాతదే వెంట వస్తుంది, క్రియేటెడ్ సమయం మాత్రం కాపీ జరిగిన క్షణానిది పడుతుంది. అంటే మరో చోట దీని ప్రతి ఒకటి భద్రంగా ఉంది, కొట్టు తెరిచి కంప్యూటరు పెట్టగానే అక్కడి నుంచి వస్తోంది.

ఎవరు తెస్తున్నారో తెలుసుకోవడానికి ప్రాసెస్ మానిటర్ అనే ఉచిత పనిముట్టును వాడాను. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో అది ఒకటి. 2006లో వాటిని మైక్రోసాఫ్ట్ తీసుకుంది. అది కంప్యూటరులో ఏ ప్రోగ్రాము ఏ ఫైలును తాకినా ఒక వరుసలో రాసిపెడుతుంది. నిమిషంలో లక్షల వరుసలు పేరుకుపోతాయి కాబట్టి ఫిల్టరులో మన ఫైలు పేరు ఇవ్వకపోతే చూడడం అసాధ్యం. ఆప్షన్స్‌లో కంప్యూటరు మొదలైనప్పటి నుంచే రాసే బూట్ లాగింగ్ పెట్టి రీస్టార్ట్ చేసి, ఫైలు వచ్చేదాకా ఆగి చూస్తే, దాన్ని రాసింది ఫైళ్లను కాపీ చేసే విండోస్ ఆదేశం ఎక్స్‌కాపీ అని తేలింది. కంట్రోల్, టి నొక్కితే వచ్చే ప్రాసెస్ చెట్టు ఏ ప్రోగ్రామును ఏది నడిపిందో చూపుతుంది; అందులో దాని పైన డి డ్రైవులోని ఒక బ్యాచ్ ఫైలు, అంటే ఆదేశాలను వరుసగా నడిపే చిన్న ఫైలు ఉంది, ఆ పైన చెప్పిన వేళకు పనులను (టాస్కులను) నడిపే టాస్క్ షెడ్యూలరు ఉంది. సేఫ్ మోడ్‌లో టాస్కులు నడవవు; ఫైలు అక్కడ రాకపోవడానికి కారణం అదే.

ఆ బ్యాచ్ ఫైలులో ఉన్నవి రెండే వరుసలు. మొదటిది లెక్కల ఫోల్డరును సి నుంచి డికి కాపీ చేస్తుంది, రెండోది డి నుంచి సికి తిరిగి కాపీ చేస్తుంది. కరెంటు పోయి లెక్కలు పాడవుతాయన్న భయంతో ఈ కంప్యూటరును మొదట అమర్చినాయన మంచి మనసుతోనే పెట్టిన ఏర్పాటు ఇది. లోపమల్లా ఒక్కటే: సిలో ఒక ఫైలు లేకపోతే, అది మనం కావాలని తీసేసినదా, ఇంకా ఇటు చేరని కొత్తదా అన్నది ఎక్స్‌కాపీకి తెలియదు, లేనిది కనిపిస్తే తెచ్చి పెట్టడమే దానికి తెలిసిన పని. పెద్ద డేటాబేసులలో ఈ చిక్కు రాకుండా, తొలగించిన దాని స్థానంలో "ఇది పోయింది" అనే గుర్తును కొంతకాలం ఉంచుతారు; ఆ గుర్తును సమాధిరాయి అన్న అర్థంలో టూంబ్‌స్టోన్ అంటారు. మా ఊరి పంట కాలువలో రేవు ముందున్న గుర్రపు డెక్కను ఎంత తీసినా, ఎగువన ఉన్నది ఉండగా వారం తిరిగేసరికి మళ్లీ నిండిపోయేది. మామయ్యకు ఆ ముక్క చెబితే డి డ్రైవు సంగతి వెంటనే అర్థమైంది.

కాబట్టి వరుస తప్పకూడదు. ముందు టాస్కును డిజేబుల్ చేశాను, తరువాత డిలోని ప్రతిని తీశాను, చివరికి సిలోని దాన్ని తీశాను. బ్యాచ్ ఫైలులో రెండో వరుసను కొట్టివేసి, సి నుంచి డికి మాత్రమే కాపీ జరిగేలా టాస్కును మళ్లీ ఎనేబుల్ చేశాను. ఎక్స్‌ప్లోరరులో ఫైలు పేర్ల చివరి అక్షరాలు కనిపించేలా కూడా పెట్టాను.

ఇదే తంతు వన్‌డ్రైవు, గూగుల్ డ్రైవులతోనూ కొన్నిసార్లు జరుగుతుంది. చాలాకాలం ఆన్‌లైనుకు రాని మరో లాప్‌టాప్ తన పాత ప్రతిని మళ్లీ ఎక్కించడం అక్కడ వెతకవలసిన మొదటి కారణం. పెన్‌డ్రైవులో తొలగించినవి, దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టగానే కనిపిస్తే ఆ కథ వేరు. దానిలోని చిప్ అరిగిపోయి, ఇక రాయడానికి ఒప్పుకోని స్థితికి వచ్చి ఉండవచ్చు, అప్పుడు ఉన్నవి కాపీ చేసుకొని దాన్ని పక్కన పడేయడమే.

పాత ఫైలును తీసేముందు మరో పని మిగిలి ఉండింది. గుమాస్తా గారు పొరపాటున అందులో ఎక్కించిన మూడు రోజుల లెక్కను కాగితం పద్దుతో సరిచూస్తూ కొత్త ఫైలులోకి మార్చేసరికి రాత్రి పది దాటింది. మరునాడు ఉదయం తొమ్మిదికి ముగ్గురం స్క్రీను ముందు కూర్చున్నాం. 9:07 దాటింది, 9:20 అయింది. ఫోల్డరులో కొత్త పద్దు ఒక్కటే ఉంది. గుమాస్తా గారు మాత్రం 9:30 వరకు ఆగి గాని అందులో అంకె వేయలేదు.