చెన్నైలో ఆగిన డబ్బా, తొలేళ్ళ రాత్రి కాలిన ఊఫర్లు

నా కొట్టు విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలికి నడిచెళ్ళేంత దూరంలో ఉంది. యాంప్లిఫైయర్లు బాగుచేస్తాను. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ మైకుసెట్లు కట్టేవాళ్ళే నా గిరాకీ. దసరా నుంచి కార్తీకం దాకా నిద్ర ఉండదు, ఆషాఢంలో ఈగలు తోలుకుంటాను.

వారానికి ఒక్కడైనా ఫోను పట్టుకొచ్చి డాలర్లలో ధర చూపిస్తాడు. "బయట దేశం నుంచి తెప్పిస్తే సగానికి సగం కదా గురువుగారూ, ఇక్కడెందుకు కొంటారు?" అంటాడు. వాణ్ణి ఏమీ అనలేను. 2021లో నేనూ అలాగే లెక్కేసుకున్నాను.

అప్పటికి నా దగ్గరున్నది పాతికేళ్ళ నాటి ఆసిల్లోస్కోపు, కరెంటు అలల్ని తెర మీద గీతగా చూపించే పెట్టె. గీత మసకబారిపోయి, పట్టపగలు చూడాలంటే నెత్తి మీద తువ్వాలు కప్పుకుని తల దూర్చాల్సి వచ్చేది. కొత్త డిజిటల్ స్కోపు బయట 200 డాలర్లు. డాలరు 75 దగ్గరుంది, అంటే 15,000. రవాణా ఇంకో 2,000. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో అదే మోడల్‌కి 24,000 చెప్పారు. ఏడు వేలు మిగులుతుందని సంబరపడి కార్డు గీకేశాను.

డబ్బా తొమ్మిది రోజుల్లో చెన్నై చేరి అక్కడే కూర్చుంది. కొరియర్ వాళ్ళు కేవైసీ అన్నారు, ఆధార్ పంపాను. బిల్లు అన్నారు, అదీ పంపాను. తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసి, "ఇది డాక్టర్లు వాడేదా సార్?" అని అడిగింది. స్టెతస్కోపు అనుకున్నట్టుంది. కాదమ్మా, కరెంటు అలలు చూసేది అన్నాను. "సొంత వాడకానికా, వ్యాపారానికా?" అంది. వ్యాపారమంటే ఎక్కువ వేస్తారేమోనని తెలివిగా "సొంతానికే" అన్నాను. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

సొంత వాడకానికి తెప్పించుకునే సరుకు మీద అప్పట్లో కస్టమ్స్ సుంకం 35 శాతం. అదీ వస్తువు ధర మీద మాత్రమే కాదు, రవాణాతో కలిపి. 17,000 మీద 5,950. ఆ సుంకం మీద మళ్ళీ పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, 595. ఇప్పుడు ఈ మూడూ కలిపి 23,545 మీద ఐజీఎస్టీ, అదే దిగుమతి మీద వేసే జీఎస్టీ, 28 శాతం, అంటే 6,593. మొత్తం పన్ను 13,138. నూటికి 77 రూపాయల పైచిలుకు! పన్ను మీద పన్నుకి మళ్ళీ పన్ను. మా ఆవిడ కాగితం చూసి, "ఇది స్కోపు ఖరీదా, పన్ను ఖరీదా?" అంది. కొరియర్ వాడు మనకోసం ముందే పన్ను కట్టాడట, దానికి వాడి ఫీజు వేరు. బ్యాంకు వాడు డాలరు మార్చినందుకు మూడున్నర శాతం. అన్నీ కలిపితే ముప్పై ఒక్క వేలు దాటింది.

ఆడిటరుకి చెప్తే తల పట్టుకున్నాడు. నాకు జీఎస్టీ నంబరుంది. 500 కట్టి ఆన్‌లైన్లో ఐఈసీ కోడ్, అంటే దిగుమతిదారుడి నంబరు, తీసుకుని, వ్యాపార సరుకుగా దింపుకుని ఉంటే సుంకం బాగా తగ్గేదట, ఐజీఎస్టీ 18 శాతమేనట, అదీ ఇన్‌పుట్ క్రెడిట్లో, అంటే నేను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి, తిరిగొచ్చేదట. "ఒక్క మాట ముందు అడగొచ్చు కదా బాబూ" అన్నాడు. అడిగితే మనం మనమెందుకవుతాం.

ఆర్నెల్లకి ఆ స్కోపులో ఒక ఛానెల్, అంటే ఒక అల చూపించే దారి, చచ్చిపోయింది. అమ్మినవాడు వారంటీ ఉందన్నాడు, పాపం కాదనలేదు. కాకపోతే అక్కడికి పంపే ఖర్చు మనదే. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పూర్తి సుంకం పడకూడదంటే పంపేటప్పుడే ఎగుమతి కాగితాలు సరిగ్గా రాయించుకోవాలి. ఆ పేచీ పడలేక ఈరోజుకీ ఒంటి ఛానెల్‌తోనే నెట్టుకొస్తున్నాను.

నేనొక్కణ్ణే కాదులెండి. మా బావది సోంపేట, దుబాయ్‌లో వెల్డింగ్ పని. 2014 సంక్రాంతికి పెద్ద టీవీ మోసుకొచ్చాడు. సామానులో టీవీకి సుంకం ఉండదని పాత లెక్కతో వచ్చేశాడు. 2013 ఆగస్టు 26 నుంచే ఫ్లాట్ టీవీలని ఉచిత కోటాలోంచి తీసేశారని విమానాశ్రయంలో తెలిసింది. 36.05 శాతం, 30,000 టీవీకి 10,815. పిల్లలకని ఉంచుకున్న డబ్బు అక్కడే లెక్కపెట్టి ఇచ్చాడు. ఇక అమెరికా నుంచి కొడుకు పంపిన 120 వోల్టుల సామాను తెచ్చి మన 230లో గుచ్చేవాళ్ళ కథ వేరే. ఏడాదికి రెండు మూడు కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు నాకు గ్యారంటీ.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. 2022లో మళ్ళీ బయట దేశం నుంచే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు తెప్పించాను. యాంప్లిలో స్పీకర్లని ఆడించేవి ఇవే; 5200, 1943 నంబర్ల జత, మా పనిలో ఉప్పూ పప్పూ లాంటివి. అసలు జపాన్ సరుకు జత మన బజారులో నాలుగొందల పైనే. అక్కడ సుంకంతో కలిపినా 80 దాటలేదు. చూస్తే అచ్చు గుద్దినట్టు అదే పేరు, అదే అక్షరాలు. మీటరు పెట్టి చూస్తే అన్నీ బాగానే చూపించాయి. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి బాక్సులు కట్టే కుర్రాడి యాంప్లికి ఆరు జతలు వేసి, బెంచి మీద గంటసేపు పాటలు పెట్టి ఇచ్చాను.

సిరిమానుకి ముందు రోజు, తొలేళ్ళ రాత్రి పదకొండింటికి ఫోను. "ఏటి గురువుగారూ, ఇలగైపోనాది? ఊఫర్ల నుంచి పొగొచ్చేసినాది!"

వెళ్ళి చూస్తే ఒక ట్రాన్సిస్టరు షార్టు. అది షార్టయితే సప్లైలోని 80 వోల్టుల డీసీ తిన్నగా ఊఫరు, అంటే బేసు పలికే పెద్ద స్పీకరు, కాయిలుకి పోతుంది. పాట ఆగిపోతుంది, కోన్ ముందుకు తన్నుకుని అలా నిలబడిపోతుంది, కాయిలు మాత్రం ఇస్త్రీపెట్టెలా కాగుతూనే ఉంటుంది. పద్దెనిమిది అంగుళాలవి రెండూ పోయాయి. ఆ కాలిన లక్క వాసన జనంలోకి వస్తోంది. కుర్రాడు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెల్లారి తెలిసినవాడి దగ్గర వేరే యాంప్లి అడిగి తెచ్చి పెట్టాను. రెండు ఊఫర్లకి కోనూ కాయిలూ మార్చే రీకోనింగ్ ఖర్చు నా జేబులోంచే.

పండగయ్యాక మిగిలిన ముక్కొకటి వైసులో బిగించి నల్లటి ఒళ్ళు పగలగొట్టాను. పక్కన పాత జపాన్ యాంప్లిలోంచి తీసినది కూడా. అసలుదానిలో రాగి పలక మీద కందిబద్దంత సిలికాన్ ముక్క ఉంది. నాదాంట్లో నువ్వుగింజంత. మీటరుకి ఆ తేడా తెలీదు, చిన్న పాటకీ తెలీదు. లోడు పడ్డాకే తెలుస్తుంది.

ఇప్పుడు ఎక్కడ కొన్నా, చివరికి హైదరాబాదులో కొన్నా, లాటుకి ఒకటి పగలగొట్టి చూశాకే మిగతావి బెంచెక్కుతాయి. మా మేనల్లుడు ఈమధ్యే పనిలో చేరాడు. మొదటిసారి చూసి, "మావయ్యా, రెండొందలు పెట్టి కొన్నదాన్ని సుత్తితో కొడతావేటి?" అని బెంగగా అడిగాడు. సుత్తి వాడికే ఇచ్చాను.