స్వెర్వ్ డ్రైవ్ ఎంచుకుని గిరగిరా తిరిగిన మా రోబో

నిన్న సాయంత్రం మా రోబో మొదటిసారి తిన్నగా నడిచింది కాబట్టే ఇది రాసే ధైర్యం వచ్చింది. పోటీలు లేని ఈ కాలంలో మా విద్యార్థి జట్టు కొత్త డ్రైవ్‌ట్రెయిన్ (రోబోను కదిలించే మోటార్లు, చక్రాల అమరిక) ఒకటి నేర్చుకోవాలనుకుంది. ఏది కావాలో తేల్చే బాధ్యత నాకు అప్పగించారు.

ఎడమ, కుడి చక్రాల వేగాల తేడాతో మలుపు తిరిగే ఆరు చక్రాల ట్యాంక్ డ్రైవ్ మాకు కొట్టినపిండి గనుక దాన్ని మొదటి రోజే పక్కన పెట్టాను. మెకానమ్ చక్రాలు, 45 డిగ్రీల వాలుతో అమర్చిన రోలర్ల వల్ల, పక్కకు కూడా కదలనిస్తాయి గానీ ఎదుటి రోబో అడ్డంగా నెడితే నిలదొక్కుకోలేవు. మిగిలింది స్వెర్వ్, అంటే ప్రతి చక్రమూ విడిగా తన దిశ మార్చుకోగల డ్రైవ్. నాలుగు మాడ్యూళ్లు, ఒక్కొక్కదానిలో చక్రాన్ని దొర్లించడానికి ఒకటి, దాని దిశ మార్చడానికి ఒకటి చొప్పున మొత్తం 8 మోటార్లు. “అదెంత పని!” అని మా పూర్వ విద్యార్థి ఒకాయన తేల్చేశారు, స్వయంగా ఒక్క మాడ్యూల్ కూడా బిగించని వారి సలహా వినకూడదని నాకప్పుడు తెలియదు.

బిగింపు మూడు రోజుల్లో ముగిసింది. మార్గదర్శకులందరినీ పిలిచి, జాయ్‌స్టిక్‌ను ముందుకు నెట్టాను. రోబో ముందుకు వెళ్లకుండా మెలికలు తిరిగి, ప్రేక్షకుల కుర్చీని గుద్దుకుని ఆగింది. “పాత బండే నయం కదా” అని ఎవరో అన్న మాట ఇంకా చెవిలో ఉంది. చక్రం 90 డిగ్రీలకు మించి తిరగవలసి వచ్చినప్పుడు దానికి బదులు మోటారును వెనక్కి నడిపే కోడ్ భాగం ఒకటుంటుంది. తప్పంతా అందులోనే ఉందని నమ్మి, నాలుగు రోజులపాటు దాన్నే తిరగరాస్తూ కూర్చున్నాను. చక్రాల పక్కన ఇనుప బద్ద ఆనించి చూస్తే నాలుగూ సమాంతరంగానే కనిపించేవి.

ఐదో రోజున, జట్టులో అందరికంటే చిన్నవాడు రోబోను దిమ్మెలపైకి ఎత్తి, ప్రతి చక్రానికీ ఎర్ర టేపు ముక్క అతికించి నడపమన్నాడు. మూడు ముక్కలు ముందుకు తిరుగుతుంటే నాలుగోది వెనక్కి తిరిగింది! ఎన్‌కోడర్ (చక్రం ఏ కోణంలో ఉందో కొలిచే సెన్సర్) సున్నాను నమోదు చేసిన రోజున నేనే ఆ చక్రాన్ని 180 డిగ్రీలు తిప్పి పెట్టాను. దాని బెవెల్ గేర్ (చక్రం పక్కన ఉండే వాలు పళ్ల గేర్) మిగతా వాటికి ఎదురు వైపున ఉంది. స్వెర్వ్ ఎంచుకునేవారు వేగాల పట్టికలు చూసే ముందు ఆ గేర్లన్నీ ఒకే వైపుకు ఉన్నాయో లేదో చూసుకోవడం నేర్చుకోవాలి.

రోబో ఎటు తిరిగి ఉన్నా జాయ్‌స్టిక్ చూపిన దిక్కుకే కదిలేలా జైరోస్కోప్‌ను కలపడం ఇంకా మిగిలి ఉంది. ఆ పనిని టేపు అతికించిన కుర్రవాడికే ఇచ్చాను.