మృగశిర వానకు హనుమకొండలో

మొక్కల సంగతులు ఫోన్‌లో చెబితే నీకెక్కవు గానీ, మృగశిరకు ముందే వచ్చి వాన పడేదాకా ఉండమంది అక్క. వరంగల్ చూడాలనుకునేవాళ్లు మామూలుగా వానలు పడి అంతా పచ్చబడ్డాక వస్తారు. రామప్ప, లక్నవరం, బొగత జలపాతం అన్నీ అప్పుడే బాగుంటాయి. నేను మాత్రం రోహిణి కార్తె చివర్లో, ఎవరూ రాని కాలంలో కాజీపేటలో రైలు దిగాను.

మాది విశాఖ. ఎండలు మాకూ కొత్త కాదు, కానీ మా ఎండ వేరు. సముద్రపు గాలికి 35, 36 డిగ్రీలకే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఇక్కడ 42 ఉన్నా చెమట కనబడదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. పెదవులు పగులుతాయి, గొంతు ఎండుతుంది, ఆటో సీటు మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, రోళ్ల మాటేమో గానీ ఈ ఊళ్లో గుట్టల సంగతి చెప్పాలి. అక్కావాళ్లింటి వెనకే ఒక బండగుట్ట. పగలంతా కాగి, రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వైపు గోడ పక్కన అక్క ఒక్క మొక్క కూడా పెట్టదు.

పెరడు చూస్తే మొదట నిరాశే కలిగింది. ఆకుపచ్చ నెట్ కింద ఒక కల్యామాకు (కరివేపాకు) చెట్టు, మల్లెపొద, కొంచెం తోటకూర. మిగతాదంతా తవ్వి వదిలేసిన ఎర్రమట్టి. "ఎండకాలం ఉన్నయి బతికితే చాలు బామ్మర్దీ, కొత్తయి పెట్టుడెందుకు?" అన్నాడు బావ. ఆయనది నర్సంపేట దగ్గర పల్లె. ఉద్యోగం ఏదైనా మాటంతా మట్టి గురించే. ఇలా తిరగేసి వదిలితే కలుపు వేర్లు, పురుగుల కోశాలు ఎండకు మాడిపోతాయని చెప్పాడు. మా మిద్దె తోటలో ఏడాది పొడుగునా ఏదో ఒకటి పెడుతూనే ఉంటాను, అందుకే పిండినల్లి, బూడిద తెగులు కూడా ఏడాది పొడుగునా ఉంటాయి. ఆ ఖాళీ మడులను చూసి కాస్త అసూయపడ్డాను.

పెరట్లో మూలకు ట్రాక్టర్ ట్రాలీ నుంచి దింపిన నల్లమట్టి కుప్ప ఉంది. చెరువు మట్టి. ఒక పెళ్ల చేతిలోకి తీసుకున్నాను. ఇటుకంత గట్టిగా ఉంది, అంచున పొరలు పొరలుగా విడిపోతోంది. పొరల మధ్య గోరంత తెల్లటి నత్తగుల్లలు, తుంగ వేళ్ల నూగు. బావ దాని మీద చెంబుడు నీళ్లు పోశాడు. కాసేపు ఏమీ కాలేదు, తర్వాత సున్నంలా విరిగి మెత్తబడి, పోసిన నీళ్లన్నీ లోపలికి పీల్చేసుకుంది. పక్కనే చల్క నేల, అంటే తేలికపాటి ఎర్రమట్టి మీద పోసిన చెంబుడు నీళ్లు క్షణంలో కిందికి దిగిపోయి, పావుగంటలో పైమట్టి ఆరిపోయింది. చల్కలో చెరువు మట్టి ఎందుకు కలుపుతారో ఇంక వేరే చెప్పనక్కర్లేదు. అక్క లెక్క మూడు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట చెరువు మట్టి, ఒక తట్ట మాగిన పెంట. నల్లమట్టి ఎక్కువైతే వానకు జిగురై, ఎండకు నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుందట.

ఎండాకాలం చెరువు ఎండితే ఆ మట్టి పొలాలకు తోలుకోవడం ఇక్కడ పాత అలవాటే. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మళ్లీ ఊపందుకుంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్న పథకం అది. పూడిక తీయడం ప్రభుత్వానిది, మట్టి తోలుకునే ఖర్చు రైతుది.

ఒక సాయంత్రం మొగులైంది. ముందు గాలిదుమారం, ఆ వెంటనే కరెంటు పోవడం, తర్వాత అరగంట దంచి కొట్టిన వాన. అక్క బకెట్లు పట్టుకుని డాబా మీదికి పరుగెత్తింది. మరునాడు పొద్దున్నే నేను విత్తనాల డబ్బా తీస్తే బావ గడ్డపార తెచ్చి మడిలో ఒక పోటు పొడిచి, "చూడు" అన్నాడు. పైన నాలుగు వేళ్ల మందం తడిసింది, కింద మట్టి ఇంకా వేడిగా పొడిపొడిగా ఉంది. ఈ తడికి గింజ మొలుస్తుంది, వారం వాన మొహం చాటేస్తే మొలక మాడుతుంది. తేలిక నేలల్లో 50, 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి గింజ పెట్టమని వ్యవసాయాధికారులు ఏటా మొత్తుకునేది ఇందుకే. బావ మిల్లీమీటర్లు చూడడు. గడ్డపార జానెడు దిగితే విత్తడానికి పదునొచ్చినట్టు.

ఆ మధ్యలో పాకాల చెరువుకు వెళ్లాం. నర్సంపేట రోడ్డు పొడుగునా యాసంగి వడ్లు ఇంకా కుప్పలుగానే ఉన్నాయి. మాకు పండగలా అనిపించిన వాన వీళ్ల వడ్లను తడిపేసింది. పరదాలు తీసి, తడిసిన గింజను రోడ్డు మీద కాళ్లతో నెరుపుతున్నారు ఆడవాళ్లు. కాంటా (తూకం) అవడానికి ఇంకెన్నాళ్లు పడుతుందని అడిగితే ఒకావిడ నవ్వి ఊరుకుంది. తర్వాత కారులో ఎవరమూ వాన గురించి మాట్లాడలేదు.

పాకాల గణపతిదేవుని కాలం నాటి చెరువు. గుట్టల మధ్య కట్ట పోసి, చుట్టూ అడవి మీద పడ్డ వాన చుక్కను ఆపేశారు. జూన్‌లో నీళ్లు తగ్గి, ఒడ్డున బురద మీద కొంగల అడుగులు కనిపిస్తున్నాయి. నిండినప్పుడు చూడాల్సింది అని ఎవరైనా అంటారు గానీ, ఏ భాగం దేనికో తెలియాలంటే ఇప్పుడే చూడాలి. ఆపడానికి కట్ట, వదలడానికి తూము, ఎక్కువైతే పారబోయడానికి మత్తడి. బావ అక్కడే నిలబడి తన పెరటి మడులను కూడా దీన్ని చూసే మార్చానన్నాడు.

2023 జులై కథ అది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన వారం. వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే మునిగాయి. అక్కావాళ్ల ఇంట్లోకి రాలేదు గానీ పెరట్లో మోకాటి లోతు నీళ్లు నిలిచి బెండ, గోరుచిక్కుడు, పందిరెక్కిన బీర అన్నీ వేరుకుళ్లుకు పోయాయి. ఏడాది మొత్తానికి సుమారు వెయ్యి మిల్లీమీటర్లు పడే చోట, అందులోనూ ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడే చోట, నీళ్లు నిలపడమే కాదు, వదలడం కూడా తెలిసుండాలి. ఇప్పుడు మడులు జానెడు ఎత్తున ఉన్నాయి, మధ్యలో కాలువలు, గోడ కింద ఒక మత్తడి.

వరంగల్ కోటకూ వెళ్లాం. తోరణాల గురించి చాలామంది రాశారు. నాకు నచ్చింది మట్టికోటకూ రాతికోటకూ మధ్య దుక్కి దున్ని వానకు ఎదురుచూస్తున్న చేలు.

మృగశిర నాడు చేపలు తినాలి. పొద్దున ఆరింటికే మార్కెట్లో ఇసుకేస్తే రాలని జనం. కొర్రమీను ధర విని నేను వెనక్కి తగ్గితే బావ రవ్వ చేపతో సరిపెట్టాడు. మృగశిర చిందిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందని సామెత. ఆ రాత్రి చిందించడం కాదు, తెల్లారేదాకా కురిసింది. గడ్డపార జానెడు దాటి దిగింది.

ఇక ముగ్గురం మడుల్లోనే. బెండ, గోరుచిక్కుడు, పుంటికూర (గోంగూర) నేరుగా గింజ, బీర, కాకర, సోర పందిరి కింద. చిక్కుడు కూడా పెట్టింది అక్క, కానీ దాన్నుంచి ఇప్పట్లో ఏమీ ఆశించొద్దంది. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గానీ పూయదు, జూన్‌లో పెట్టినా కాయ చలికాలానికే. బతుకమ్మకు బంతి నారు జులైలో. టమాట, మెంతి, కొత్తిమీర, పాలకూర దసరా దాటాకే.

వచ్చేటప్పుడు బావ ఒక సంచి చెరువు మట్టి కట్టబోతే వద్దన్నాను. మా మిద్దె మీద కుండీలు ఆరకపోవడమే సమస్య. బదులుగా చపాట మిర్చి గింజలు తెచ్చుకున్నాను. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ రకం, టమాటలా గుండ్రంగా, రంగు ఎక్కువ, కారం తక్కువ. నారు జులై ఆఖర్లో పోస్తాను. కాయ పట్టే వేళకు మా వైపు తుపాన్లు, ఆ తేమకు కాయకుళ్లు గ్యారంటీ. పైన ప్లాస్టిక్ షీటు వెయ్యమన్నాడు బావ. మెట్లగది చూరు కిందికి కుండీలు జరుపుదామని నా ఆలోచన, అక్కడ ఎండ చాలుతుందో లేదో చూడాలి.